డీపీఎఫ్ లైటు మూడోసారి వెలిగింది, వారంటీ రాదంటున్నారు: నెల్లూరు, ఒంగోలు వాళ్ళ అనుభవాలు కావాలి

పెన్నాగట్టు (నెల్లూరు)

అందరికీ నమస్కారం. 2022లో కొన్న డీజిల్ బండి, 41 వేల కిలోమీటర్లు తిరిగింది. ఎక్స్‌టెండెడ్ వారంటీకి కొన్నప్పుడే డబ్బు కట్టాను. ఇంకా ఏడాది ఉంది. సర్వీసు ఒక్కటి కూడా తప్పలేదు, అన్నీ షోరూములోనే. పోయిన మంగళవారం పిల్లల్ని బడి దగ్గర దింపి వస్తుంటే మినీ బైపాస్ మీద పికప్ పడిపోయింది. ఎంత తొక్కినా 40 దాటదు. వెనక లారీ ఆయన హారన్ మీద నుంచి చెయ్యి తియ్యడు. డాష్‌బోర్డు మీద డీపీఎఫ్ లైటు (పొగలోని మసిని పట్టే ఫిల్టర్‌ది), దాని పక్కన చెక్ ఇంజిన్ లైటు. ఇది మూడోసారి.

మొదటి రెండుసార్లు లాప్‌టాప్ తగిలించి ఏదో చేసి, "హైవే మీద ఒక రౌండు వెయ్యండి సార్, అదే పోతుంది" అని పంపారు. ఈసారి ఫిల్టరే మార్చాలంట, ఎస్టిమేటు లక్ష దాటింది, వారంటీ రాదంట. ఎందుకని అడిగితే "మీ వాడకం సరిగా లేదు" అన్నారు. వేదాయపాళెం నుంచి స్టోన్‌హౌస్‌పేటకు రోజూ పోయి రావడం వాడకం కాదా? కొనేముందే చెప్పాను, ఎక్కువగా ఊళ్ళోనే తిరుగుతానని. "డీజిలే మేలు సార్" అని అమ్మింది వీళ్ళే. డబ్బు సంగతి అటుంచితే, బండిని కళ్ళలో పెట్టుకుని చూసుకున్న మనిషిని పట్టుకుని తప్పు నీదే అంటే ప్రాణం ఉసూరుమంది. ఇట్టాంటిది ఎవరికైనా జరిగిందా? ఏం చేశారు?

కావలి డీజిల్

అన్నా, నాదీ ఇదే గొడవ, కంపెనీ వేరు. 2020 ఏప్రిల్‌లో పొగ మీద బీఎస్6 రూల్సు వచ్చినాక డీజిల్ కార్లకి ఈ ఫిల్టర్ వచ్చింది. పొగలో మసి దాంట్లో పడద్ది. దాన్ని బండే అప్పుడప్పుడూ 600 డిగ్రీల వేడిలో కాల్చుకోవాల. అంత వేడి పుట్టాలంటే ఆగకుండా పదిహేను ఇరవై నిమిషాలు ఒకే స్పీడులో పోవాల. సందు సందుకీ ఆగే బండికి ఆ వేడి యాడ నుంచి వస్తది?

నాకు తెలిసిన గుర్తులు చెప్తా. ఆగి ఉన్నప్పుడు ఐడిల్ మామూలుకంటే పెరగద్ది, ముందు ఫ్యాను హోరుమని తిరగద్ది, కాలిన వాసన వస్తది. అంటే లోపల మసి కాలతా ఉందని. అప్పుడు ఇంటి ముందుకొచ్చినా ఆపబాక, అట్నే హైవే ఎక్కి ఇంకో రౌండు తిప్పు. నేను నెలకి రెండు ఆదివారాలు కావలి నుంచి నెల్లూరు దాకా పోయొస్తా ఉండా, 50 కిలోమీటర్లు, 2000 ఆర్‌పీఎం తగ్గకుండా. ఏడాదిన్నర అయింది, లైటు రాలా. ఆ డీజిల్ ఖర్చు మాత్రం నాదే.

ఒక పని చెయ్యి. తెల్లారి ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఆయిలు మట్టం చూసే డిప్‌స్టిక్ తీసి చూసి ఇక్కడ చెప్పు.

పెన్నాగట్టు

చూశాను. పాత బనీను గుడ్డతో తుడిచి, మళ్ళీ దించి తీశాను. ఆయిలు పై గీత దాటి వేలి మందం పైకి ఉంది. సర్వీసు చేయించి నాలుగు వేల కిలోమీటర్లే అయింది, మధ్యలో చుక్క కూడా పోయలేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దితే జిడ్డు నిలవడంలేదు, నీళ్ళలాగా జారుతోంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పెట్రోలు బంకులో నిలబడ్డట్టే ఉంది.

ఆటోనగర్ మేస్త్రి (ఒంగోలు)

అది డీజిలే అబ్బాయా. మసి కాల్చడానికి బండి ఎక్కువ డీజిల్ కొడతది. నువ్వు మధ్యలో ఆపేస్తే, ఆ కాలని డీజిల్ సిలిండర్ గోడల వెంబడి కిందికి దిగి ఆయిల్లో కలుస్తది. పలచబడిన ఆయిలుతో తిప్పితే ఇంజన్లోకి గాలి నెట్టే టర్బో పోద్ది, బేరింగులు అరుగుతాయి. ముందు ఆయిలు మార్పించు, తగాదా తర్వాత. కానీ మార్చేముందు సర్వీస్ అడ్వైజర్ ఎదురుగానే డిప్‌స్టిక్ తీసి ఫొటో కొట్టు. బండి ఇచ్చేటప్పుడు వాళ్ళు రాసే జాబ్ కార్డులో రాయించు.

ఫిల్టర్ నిండిందంటే ప్రతిసారీ వాడకమే కారణం కాదు. ఫిల్టరుకి ముందు ఒత్తిడి ఎంత, వెనక ఎంత అని చూసే సెన్సార్ ఒకటి ఉంటది. అది తప్పు చూపించినా, ఇంజెక్టర్ కారినా, పొగలో కొంత మళ్ళీ ఇంజన్లోకి పంపే ఈజీఆర్ వాల్వు మసి పట్టి ఇరుక్కున్నా ఇదే లైటు వస్తది. స్కానర్ రిపోర్టు ప్రింటు తీసిమ్మని అడుగు. కాల్చడం ఎన్నిసార్లు మొదలైంది, ఎన్నిసార్లు సగంలో ఆగింది అన్న లెక్క చాలా బండ్లలో దొరుకుద్ది. సెన్సారో ఇంజెక్టరో పోయిందని తేలితే అది నీ వాడకం కాదు, వాళ్ళ పార్టు.

ఫిల్టర్ లోపలిది పీకేసి సాఫ్ట్‌వేర్ మారుస్తామనే వాళ్ళు తిరుగుతా ఉన్నారు. వాళ్ళ దగ్గరకి పోబాక. చట్టం ఒప్పుకోదు, వారంటీ మొత్తానికి పోద్ది, ఆ పొగ పీల్చేది మన వీధిలో పిల్లలే. ఇది చేసిపెట్టమని నా షెడ్డుకి వచ్చినోళ్ళని వెనక్కి పంపేశా.

చీమకుర్తి రోడ్డు

మేస్త్రి గారు జాబ్ కార్డు అన్నారు కాబట్టి నాది చెప్తున్నా. మా ఇంటి ముందు నుంచి రోజంతా గ్రానైట్ లారీలే. పొద్దున తుడిచిన బండి మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయొచ్చు. 36 వేల దగ్గర టర్బో కూసింది. ఎయిర్ ఫిల్టర్‌లోంచి దుమ్ము పోయింది, దుమ్ములో తిరిగే బండికి ముందే మార్చాలని మాన్యువల్లో ఉంది, మీరు మార్చలేదు, వారంటీ లేదు అన్నారు. మాన్యువల్ తీసి చదివితే నిజమే, వెనక పేజీల్లో సన్నక్షరాల్లో ఉంది. దుమ్ము రోడ్లు, ఎక్కువ వేడి, చిన్న చిన్న ట్రిప్పులు, వీటన్నిటినీ కఠిన వాడకం కింద రాశారు. మన రెండు జిల్లాల్లో అందులోకి రాని బండి ఏది?

ఇంట్లో ఉన్న కాగితాలన్నీ నేల మీద పరిచా. 30 వేల సర్వీసు కార్డులో ఎయిర్ ఫిల్టర్ ఎదురుగా వాళ్ళ టిక్కే ఉంది, "ఓకే" అని. అది తీసుకెళ్ళి మేనేజర్ బల్ల మీద పెట్టా. చూసి ఓకే అన్నది మీరే కదా, మార్చాలని మీరు చెప్పకపోతే నాకెట్టా తెలుస్తది అని అడిగా. పదకొండు రోజులు తిప్పారు గానీ టర్బో వారంటీలోనే వేశారు. ఆ టిక్కు లేకపోతే నా జేబుకి చిల్లే.

కోవూరు వరిచేలు

కోతలయినాక ఎలకలన్నీ బానెట్లోకే. వైరింగు కొరికితే ఏ కంపెనీ వారంటీ రాదు, దానికోసం కొట్లాడబాకండి. నాకు ఇన్సూరెన్సులో వచ్చింది, పాలసీ చదివి ఫొటోలతో పెట్టుకోండి. పొగాకు కాడలు గుడ్డలో మూటకట్టి బ్యాటరీ పక్కన పెడతన్నా, సైలెన్సర్ వైపు కాదు. రెండు పంటల నుంచి రాలేదు.

కొత్తపట్నం ఉప్పుగాలి

సముద్రం పక్క వాళ్ళు వారానికోసారి బండి అడుగుభాగం మంచినీళ్ళతో కడగండి. నా ఏసీ కండెన్సర్ మూడో ఏట తుప్పుతో కారితే రాయి తగిలింది అన్నారు. రాయి దెబ్బకి సొట్ట ఉండాలి కదా, అది చూపించమని అక్కడే నిలబడ్డా. చూపించలేకపోయారు, సగం ఖర్చు భరించారు.

పొదిలి పాతబండి

ఇన్ని సెన్సార్లు లేని రోజులే నయం. నా 2014 పెట్రోలు బండికి ఇప్పటికీ పానా, స్క్రూడ్రైవరు చాలు. కాకపోతే 20 శాతం ఇథనాల్ పెట్రోలు వచ్చినాక మైలేజీ తగ్గింది. పెట్రోలుతో పోలిస్తే ఇథనాల్లో శక్తి మూడో వంతు తక్కువ, తగ్గక ఏమవుద్ది. రబ్బరు గొట్టాలు మాత్రం ఏడాదికోసారి చూపించుకుంటున్నా.

ఆటోనగర్ మేస్త్రి

పెద్దాయనా, ఆ బండి పొగ ఎంత, ఈ బండి పొగ ఎంత? ఫిల్టర్ తప్పు కాదు. ఎవరి అవసరానికి ఏ బండి అని చెప్పకుండా అమ్మడం తప్పు. ఊళ్ళో తిరిగే వాళ్ళకి డీజిల్ అంటగట్టకుండా ఉంటే ఈ అబ్బాయికి ఈ బాధే లేదు.

లాయర్‌పేట టీచరమ్మ (ఒంగోలు)

తమ్ముడూ, షోరూములో తేలకపోతే వదిలేయొద్దు. నా ఆటోమేటిక్ గేరు బండి మొదటి ఏడాది నుంచే, ట్రాఫిక్‌లో కదిలేటప్పుడల్లా గడగడ వణికేది. నాలుగుసార్లు తీసుకెళ్ళాను. నాలుగుసార్లూ "ఈ మోడల్ అంతేనండీ" అన్నారు. మొదటిసారి కార్డు చదవకుండా సంతకం పెట్టేశాను. ఇంటికొచ్చి చూస్తే కంప్లయింటు గడిలో "జనరల్ చెకప్" అని ఉంది. వణుకుడు మాటే లేదు! అప్పటినుంచి నేను చెప్పింది నా మాటల్లో రాసేదాకా సంతకం పెట్టలేదు, బండి వణికినప్పుడల్లా వీడియో తీసి పెట్టుకున్నాను.

ముందు వినియోగదారుల 1915 హెల్ప్‌లైనుకు ఫిర్యాదు చేశాను. తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేశాను. బండి విజయవాడలో కొన్నా, మనం ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు, 2019 చట్టం ఆ వీలు ఇచ్చింది. 50 లక్షల దాకా జిల్లా కమిషన్ చాలు. చెల్లించిన ధర పది నుంచి ఇరవై లక్షల మధ్య ఉంటే ఫీజు 400 రూపాయలు. సమస్య మొదలైన రెండేళ్ళలోపు వెయ్యాలి, ఇది మర్చిపోవద్దు. తయారీ లోపం అని మనం అంటే సరిపోదు, నిపుణుడి రిపోర్టు అడుగుతారు. చాలామంది ఓడేది అక్కడే. నా కేసులో నోటీసు అందాక కంపెనీ వాళ్ళే వచ్చి క్లచ్ మొత్తం మార్చి రాజీకి వచ్చారు. ఏడు నెలలు పట్టింది. స్కూలుకు సెలవు పెట్టి తిరిగిన రోజులు ఎవరూ తిరిగివ్వరు, అది మాత్రం చెప్పాలి.

పెన్నాగట్టు

అందరికీ చేతులెత్తి మొక్కుతున్నాను. టీచరమ్మగారూ, మీరు చెప్పాక నా పాత కార్డులు రెండూ తీశాను. మొదటిదాంట్లో "జనరల్ చెకప్", రెండోదాంట్లో "వాషింగ్". డీపీఎఫ్ లైటు సంగతి రెంటిలోనూ లేదు. నేను అప్పుడు తీసిన లైటు ఫొటోలు ఫోన్లో తేదీలతో ఉన్నాయి, అవి ప్రింటు తీయించాను.

ఇవాళ పొద్దున షోరూముకు పోయాను. వాళ్ళ ముందే డిప్‌స్టిక్ తీయించాను. అడ్వైజర్ వాసన చూసి మాట్లాడకుండా మేనేజర్ని పిలుచుకొచ్చాడు. స్కానర్ ప్రింటు ఇవ్వం అన్నారు, ఇవ్వమని రాసివ్వండి అంటే అరగంట తర్వాత ఇచ్చారు. అందులో మేస్త్రి గారు చెప్పిన ఒత్తిడి సెన్సార్ తప్పు చూపే కోడ్ ఒకటి ఉంది, ఆరు నెలల కిందటి కిలోమీటర్ల దగ్గర పడింది, అంటే రెండోసారి పోయినప్పటికే ఉంది. ఫొటో పెడుతున్నాను, మేస్త్రి గారూ మీరొకసారి చూడండి. కంపెనీ ఇంజనీరు శుక్రవారం వస్తాడంట. బండి వాళ్ళ దగ్గరే వదిలి ఆటోలో ఇంటికొచ్చాను. కార్డులో నాలుగు వరుసలు నేను చెప్పినట్టే రాయించి, చదివి, అప్పుడు సంతకం పెట్టాను.

ఆటోనగర్ మేస్త్రి

కోడ్ చూశా. శుక్రవారం ఇంజనీరు వచ్చినప్పుడు ఆ సెన్సార్ గొట్టాలు ఊడదీసి చూపించమను, పగులో అడ్డో ఉండుద్ది. ఆయన మాట్లాడేటప్పుడు నాకు ఫోన్ కలుపు, నేను లైన్లో ఉంటా.