అప్‌డేట్: కన్‌సోల్ లాక్ అయింది, మెసేజ్‌లు మాత్రం కనిపిస్తున్నాయి

పోయిన నెల అడిగాను కదా, వైజాగ్‌లో మా మెయిన్‌ఫ్రేమ్ (పెద్ద కంప్యూటర్) రూమ్‌లో ఆపరేటర్ టీకి వెళ్తే ఎవరైనా కన్‌సోల్‌లో, అంటే మెసేజ్‌లు చూసి కమాండ్‌లు ఇచ్చే స్క్రీన్‌లో, కమాండ్ కొట్టేయొచ్చు, స్క్రీన్ ఆపేద్దామంటే అలర్ట్‌లు మిస్సవుతాయి, ఏం చెయ్యాలని. స్క్రీన్ ఆపక్కర్లేదని చెప్పిన అన్నకి దండం. జెడ్ఓఎస్ (మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్) కన్‌సోల్ సెట్టింగ్‌లుండే మెంబర్‌లో (ఫైల్ లాంటిది) లాగాన్ రిక్వైర్డ్ పెట్టాం, ఆదివారం ఐపీఎల్ (క్రికెట్ కాదు, సిస్టమ్ రీస్టార్ట్) అయ్యాక చూస్తే మెసేజ్‌లు మామూలుగానే పోతున్నాయి, కమాండ్ కొట్టాలంటే మాత్రం రాక్‌ఎఫ్ (మెయిన్‌ఫ్రేమ్ సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్) ఐడీతో లాగిన్ అవ్వాల్సిందే. ఎవరు ఏ కమాండ్ వాడొచ్చో రాక్‌ఎఫ్‌లోనే ఆపరేటర్ కమాండ్‌ల రూల్స్ ఉండే ఆపర్‌కమాండ్స్ (OPERCMDS) క్లాస్‌లో రాసుకున్నాం, అసలు టైమంతా దానికే పట్టింది. గోడమీది స్క్రీన్‌కి ఆథారిటీ ఇన్ఫో ఇచ్చాం, అంటే ఎక్కువగా చూసే కమాండ్‌లే. నైట్ షిఫ్ట్ బాబాయ్ ఇంకా లాగాఫ్ మర్చిపోతున్నాడు, అదొక్కటే తలనొప్పి.