నూరువరహాల కొత్త ఆకులు పాలిపోతున్నాయి, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మాది వనస్థలిపురం. కిందటేడు ఆషాఢంలో వానలు పడగానే ప్రహరీ వెంట ఆరు నూరువరహాల మొక్కలు పెట్టాను. ఏడాది పొడవునా ఆకు నిలుస్తుందని, పెద్దగా చాకిరీ ఉండదని నర్సరీలో చెప్పారు. చిన్నప్పుడు అమ్మమ్మగారింట్లో బావి పక్కన ఇదే చెట్టు ఎవరూ పట్టించుకోకపోయినా గుత్తులు గుత్తులుగా ఎర్రగా పూసేది. పువ్వు లాగి కాడలోని తేనె పీల్చేవాళ్లం. అందుకే పట్టుబట్టి ఇదే తెచ్చాను.

గేటు వైపు రెండూ బాగున్నాయి. మిగతా నాలుగింటికీ కొత్త ఆకులు నిమ్మపండు రంగులో వస్తున్నాయి. ఈనెలు మాత్రం పచ్చగానే, వల గీసినట్టు కనిపిస్తున్నాయి. ముదురాకులకు ఏమీ కాలేదు. ఆకులు తిప్పి చూశాను, పురుగు లేదు. మాది బోరు నీళ్లు, బకెట్టు అంచున తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. పైగా మొక్కలు పెట్టాక ఆ వైపు గోడకు సిమెంటు ప్లాస్టరింగ్ చేయించాం, రాలిన పెచ్చులన్నీ ఆ మట్టిలోనే కలిసిపోయాయి. ఈ మొక్కకు ఆమ్లగుణం ఉన్న నేల కావాలని, సున్నం ఎక్కువైతే వేళ్లకు ఇనుము అందదని తెలుసు.

పెచ్చులు ఏరేసి ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు వేస్తే సరిపోతుందా? చిలేటెడ్ ఐరన్ (మొక్క తేలిగ్గా పీల్చుకునే రూపంలో ఉండే ఇనుము) పిచికారీ చేసినవాళ్లు లీటరు నీటికి ఎంత కలిపారు, ఎన్నాళ్లకు ఆకు తేరుకుంది? వాన నీళ్లు పట్టి పోస్తే తేడా కనిపించిందా? ఇవి పీకేసి గన్నేరు పెట్టమంటున్నారు మావారు. ఇంట్లో రెండేళ్ల మనవడున్నాడు, గన్నేరు ఆకు నుంచి వేరు దాకా విషమే, దాన్ని మాత్రం పెట్టను. దయచేసి మీ అనుభవం చెప్పండి.