పియానో ‘ఫాంటసీ’ని మనోధర్మం అనొచ్చా?

జర్మన్ స్వరకర్త షూమన్ పియానోకి రాసిన ఫాంటసీ (ఓపస్ 17) రికార్డింగుని పరిచయం చేస్తూ ‘మనోధర్మ రచన’ అని రాయొచ్చా అని అడిగారు కదండీ, నేనైతే రాయను. మన కచేరీల్లో మనోధర్మం అంటే రాగాలాపన, నెరవు, కల్పనస్వరాలు, అంటే వేదిక మీద అప్పటికప్పుడు పుట్టేవి. షూమన్‌ది 1836లో మొదలై 1839లో అచ్చయిన రచన, ప్రతి స్వరమూ కాగితం మీదే ఉంది. మన శాస్త్రం లెక్కన అది కల్పిత సంగీతం, అంటే ముందే కట్టి పెట్టినది.

మీరు విన్నది పియానిస్టు హోరోవిట్జ్ 1965 మే 9న న్యూయార్క్ కార్నెగీ హాల్లో వాయించింది కదా. 12 ఏళ్ల పాటు కచేరీలు మానేసిన మనిషి మళ్లీ జనం ముందుకొచ్చిన రోజది. రెండో భాగం చివర రెండు చేతులూ ఒకేసారి చెరో దిక్కుకీ గెంతాలి, ఎంతటివాళ్లకైనా టెన్షన్ పుట్టే చోటు, అక్కడ ఆయనకీ కొన్ని స్వరాలు తప్పాయి. అప్పటి ఎల్పీ రికార్డులో కొన్ని చోట్ల సరిదిద్దారు, దిద్దనిది 2003లో వచ్చింది. అదే మనోధర్మమైతే దిద్దడానికి మూలప్రతి ఏదీ? (రాగం తప్పితే పట్టుకుంటారు నిజమే, కానీ ‘ఇక్కడ ఈ స్వరమే ఉండాలి’ అనలేరు.)

– మరి నిఘంటువులో ‘స్వైరకల్పన’ ఉంది. అది వాడితే?

కథలకీ నవలలకీ బాగానే నడుస్తోంది. సంగీతం దగ్గరికి వచ్చేసరికి నాకు పేపర్లో ‘వీధికుక్కల స్వైరవిహారం’ గుర్తొస్తుంది, ఏం చేయను! పైగా షూమన్‌లో విచ్చలవిడితనం పైకి కనిపించేదే. సి మేజర్ అని పేరున్నా మొదటి భాగం చివరిదాకా ఆ శ్రుతి మీద పూర్తిగా వాలనివ్వడు. తోచినట్టు పోతున్నట్టు వినపడాలని అంత లెక్కగా కట్టాడు.

– అయితే ఏమనాలి?

‘ఫాంటసీ’ అనే ఉంచి, పక్కన ‘ఆశువుగా తోచేలా కట్టిన రచన’ అని ఒక్కసారి చెప్పండి చాలు.

– బేతోవెన్ ‘మూన్‌లైట్’ పియానో సొనాటా (కొన్ని భాగాలుగా సాగే వాద్య రచన) మీద కూడా ఫాంటసీ అని ఉంటుందే?

ఉంది. 1802లో అచ్చయినప్పుడు దాని పేరు ‘సొనాటా క్వాజీ ఉనా ఫాంటసియా’, అంటే ఫాంటసీలాంటి సొనాటా. వెన్నెల పేరు ఆయన పెట్టింది కాదు, ఆయన పోయాక అంటుకుంది.