డిస్కే లేని సర్వర్‌కు డబ్బులెందుకు అంటాండారు: ఎండీఎస్‌కు వేరే మిషన్ కావల్నా, ఉన్న నోడ్ల మీదనే సర్దుకోవల్నా?

హంద్రీగట్టు (కర్నూలు), రాత్రి 8:40
అన్నలకు నమస్తే. మాది డ్రోన్ సర్వే ఫోటోలు, మ్యాపులు దాచే చిన్న ఆఫీసు. సెఫ్ (చానా సర్వర్ల డిస్కులను ఒకే స్టోరేజ్‌గా కలిపే సాఫ్ట్‌వేర్) క్లస్టర్ ఉండాది, 6 నోడ్లు (సర్వర్లు), ఒక్కోదాంట్లో 12 హార్డ్‌డిస్కులు, 64 జీబీ ర్యామ్. ఇన్నాళ్లు వర్చువల్ మిషన్లకే వాడినాం, ఇప్పుడు సెఫ్ఎఫ్ఎస్ (సెఫ్ మీద నడిచే ఫైల్ సిస్టమ్) పెట్టి అందరికీ ఒకే ఫోల్డర్ కనపడేట్ల చెయ్యమంటాండారు. ఫైళ్లు సుమారు 3 కోట్లు, అన్నీ చిన్న చిన్న ముక్కలే. ఫైళ్ల పేర్లు, ఫోల్డర్లు, పర్మిషన్లు చూసుకునే ఎండీఎస్‌కు (మెటాడేటా సర్వర్‌కు) రెండు వేరే మిషన్లు కావాలని ఇండెంట్ రాసినా. మా సారు "దాంట్లో డిస్కు ఎంత" అన్నాడు, "బూట్ ఎస్ఎస్డీ తప్ప ఏం లేదు సార్" అంటే "డిస్కే లేని స్టోరేజ్ సర్వర్ ఏందప్పా" అని కాగితం పక్కన పెట్టేసినాడు. నాది తప్పా, సారుది తప్పా?

ఏడురోడ్లు (కడప), రాత్రి 8:57
సారు చెప్పింది సగం కరెక్టే తమ్ముడూ. ఎండీఎస్ తన దగ్గర ఏమీ దాచుకోదు, మెటాడేటా (ఆ పేర్లు, పర్మిషన్ల వివరాలు) అంతా దానికని విడిగా ఉండే మెటాడేటా పూల్‌లో, ఓఎస్డీల (ఒక్కో డిస్కును నడిపే సెఫ్ ప్రోగ్రాంల) మీదనే ఉంటాది, జర్నల్ (మార్పుల చిట్టా) కూడా ఆడనే. అది చచ్చిపోయినా ఇంకో నోడ్‌లో స్టాండ్‌బై (ఖాళీగా కాచుకునుండే ఎండీఎస్) లేచి ఆ జర్నల్ చదువుకుని పని అందుకుంటాది. సెఫ్ఏడీఎం (సెఫ్‌ను పెట్టి నడిపే టూల్) వాడతాంటే వాల్యూమ్ క్రియేట్ కమాండ్ ఒకటి కొట్టు, పూల్స్, ఎండీఎస్‌లు అదే లేపుతాది. రెండు నోడ్లకు లేబుల్ పెట్టి ఎండీఎస్ ఆడనే లేచేట్ల చెయ్యి, ఆ రెండింటికి ఇంకో 64 జీబీ ర్యామ్ ఎక్కించు. మిగిలిన డబ్బుతో కనీసం 3 నోడ్లకు ఎస్ఎస్డీలు కొని మెటాడేటా పూల్ వాటి మీదికి మార్చు, మూడు కాపీలు మూడు నోడ్లలో ఉండేట్ల. అది హార్డ్‌డిస్కుల మీద పెట్టినావంటే ఎండీఎస్‌ను ఇంద్రభవనంలో కూర్చోబెట్టినా నడవదు.

టవర్‌క్లాక్ (అనంతపురం), రాత్రి 9:20
ఇట్లాంటి సలహాలు వినే మనోళ్లు సర్వర్ రూముల్లో చాపేసుకుని పండుకుంటాండేది. లెక్క చూడు హంద్రీ. ఒక్కో ఓఎస్డీకి డిఫాల్ట్ మెమరీ టార్గెట్ 4 జీబీ, 12 ఓఎస్డీలంటే 48. మిగిలేది 16, లినక్స్ తినేది తిన్నాక ఎండీఎస్‌కు ఏం మిగుల్తాది? ఎండీఎస్ క్యాష్ (ర్యామ్‌లో పెట్టుకునే మెటాడేటా) లిమిట్ డిఫాల్ట్ 4 జీబీనే కదా అంటారు, అది పేరుకే లిమిట్, దాటిపోయేది మామూలే, ఒకటిన్నర రెట్లకు పోయింది నేనే చూసినా. ఇంకోటి ఎవరూ చెప్పరు, ఎండీఎస్ పని చానా భాగం ఒకే తాళం కింద నడుస్తాది. నువ్వు 32 కోర్ల ప్రాసెసర్ ఇస్తే ఒక కోర్ చెమటలు కక్కుతాంటే మిగతా 31 అరుగు మీద కూర్చుని చూస్తాంటాయి. ఓఎస్డీ నోడ్‌కు కోర్లు కావల్ల, ఎండీఎస్‌కు గిగాహెర్ట్జ్ కావల్ల. రెండింటికీ జాతకం కలవదు, వేరు కాపురం పెట్టాల్సిందే.

కారందోసె, రాత్రి 9:24
గ్లస్టర్ (ఇంకో స్టోరేజ్ సాఫ్ట్‌వేర్) పెట్టుకోబ్బా, దాంట్లో మెటాడేటా సర్వరే ఉండదు, గొడవే లేదు.

శెనక్కాయ_రూట్, రాత్రి 9:26
ఆ, 3 కోట్ల చిన్న ఫైళ్ల మీద ఎల్ఎస్ (ఫైళ్ల లిస్టు చూపే కమాండ్) కొట్టి టీ తాగి రావచ్చు. రెడ్ హ్యాట్ కూడా దాని సపోర్ట్ 2024 చివరికి ఆపేసింది.

ఏడురోడ్లు, రాత్రి 9:41
నేను ర్యామ్ ఎక్కించమన్నానా లేదా, చదివి రాయండన్నా. 128లో 48 పోతే 80 ఉండాది, ఎండీఎస్ క్యాష్‌కు 16 పెట్టినా అది 24కు పోయినా ఇంకా మిగుల్తాది. కోర్ ఒకటే నడుస్తాది అంటారా, మ్యాక్స్ ఎండీఎస్ 2 చెయ్యి, రెండు యాక్టివ్ ర్యాంకులు, అంటే ఒకేసారి పని పంచుకునే రెండు ఎండీఎస్‌లు. 2017లో సెఫ్ ల్యూమినస్ వెర్షన్ వచ్చినప్పటి నుంచి అది స్టేబులే, ఇంకా పాత జ్యూవెల్ వెర్షన్ కాలం కథలు చెప్తే ఎట్లా.

టవర్‌క్లాక్, రాత్రి 10:15
స్టేబులే, ఎవరు కాదన్నారు. రెండు యాక్టివ్ పెట్టి బ్యాలెన్సర్ (పని పంచేది, కొత్త వెర్షన్లలో డిఫాల్ట్‌గా ఆపే ఉంటాది) ఆన్ చేస్తే, అది ఫోల్డర్లను ఆ ర్యాంక్ నుంచి ఈ ర్యాంక్‌కు తోలుతాంటాది, లోడ్ మారేకొద్దీ మళ్లీ వెనక్కి తోలుతాది. అది వద్దంటే డైరెక్టరీ పిన్ చెయ్యల్ల, ఏ ఫోల్డర్ ఏ ర్యాంక్‌కు అని మనిషి కూర్చుని ఆలోచించల్ల. స్టాండ్‌బై రీప్లే (జర్నల్‌ను వెంటవెంటనే చదువుతా సిద్ధంగా ఉండే స్టాండ్‌బై) కావాలంటే ఒక్కో ర్యాంక్‌కు ఒకటి విడిగా పెట్టుకోవల్ల. ఇవన్నీ చెప్పకుండా 2 చెయ్యి అనేది సులభం.

నా అనుభవం చెప్తా. ఇక్కడ ఒక ఇంజనీరింగ్ కాలేజీలో క్లస్టర్ చూసేవాణ్ని. నాకంటే ముందు చూసిన పిల్లోడు 4 నోడ్ల మీద ఓఎస్డీలతో పాటే 3 యాక్టివ్ ఎండీఎస్‌లు, ఒక స్టాండ్‌బై పెట్టి, మంచి ఉద్యోగం వచ్చిందని బెంగళూరు బస్సెక్కినాడు. ఏ ఫోల్డర్ దేనికి పిన్ చేసినాడో కాగితం ముక్క లేదు. ఇంటర్నల్స్ ముందు రోజు రాత్రి ఒక నోడ్ పోయింది. 15 సెకండ్లలో మానిటర్ పసిగట్టింది, స్టాండ్‌బై లేచింది, అంతవరకు పుస్తకంలో రాసినట్లే. లేచేటప్పటి మెట్లలో రీప్లే అయింది, రీకనెక్ట్ అయింది, రీజాయిన్‌లో నిలబడిపోయింది. ల్యాబ్ మిషన్లు తెరిచి పెట్టుకున్న ఫైళ్లన్నీ మెమరీలోకి లాగుతాంటే ర్యామ్ అయిపోయింది, కెర్నల్ దాన్ని చంపేసింది. మళ్లీ లేవడం మళ్లీ చావడం, మధ్యలో పక్కనున్న ఓఎస్డీలను కూడా చంపింది. చివరికి నోఅవుట్ (ఆపిన డిస్కుల డేటాను క్లస్టర్ వేరే చోటికి కాపీ చెయ్యకుండా ఆపేది) పెట్టి, ఒక నోడ్‌లో ఓఎస్డీలన్నీ ఆపి, ఎస్ఎస్డీ మీద స్వాప్ (డిస్కునే ర్యామ్ మాదిరి వాడేది) వేసి, బీకన్ గ్రేస్ (ఎండీఎస్ పలక్కపోతే చచ్చిందనే ముందు మానిటర్ ఆగే టైము) పెంచి లేపినా. తెల్లారి 5 అయింది. ఆ 15 సెకండ్లు అని ఎవరన్నా అంటే నాకు బీపీ లేస్తాది.

కారందోసె, రాత్రి 10:19
పిల్లోడికి ఫోన్ చెయ్యలేదా అన్నా

టవర్‌క్లాక్, రాత్రి 10:21
స్విచ్ ఆఫ్.

ఏడురోడ్లు, రాత్రి 10:58
సార్. మీరా.

బెంగళూరు బస్సెక్కిన పిల్లోణ్ని నేనే. ఇప్పుడు కడపకు తిరిగొచ్చినా. పిన్‌ల సంగతి కాగితంలో ఎందుకు సార్, ఎండీఎస్‌ను సబ్‌ట్రీస్ (ఏ ఫోల్డర్ ఏ ర్యాంక్‌దని) అడిగితే అదే చెప్తాది కదా. ఫోన్ సంగతి వదిలేయండి, ఆ నెలంతా మా నాయన ఆసుపత్రిలో ఉన్నాడు, మీకు ఎవరూ చెప్పినట్లు లేరు. కానీ ఒకటి అడుగుతా. ఎండీఎస్‌కు రెండు వేరే మిషన్లు కావాలని నేను ఇండెంట్ పెట్టినా, 3.6 గిగాహెర్ట్జ్ అని ప్రాసెసర్ స్పీడ్ కూడా రాసినా. దాని మీద ఎర్ర ఇంకుతో అడ్డంగా గీత కొట్టి "ఉన్న నోడ్లతో సర్దుకోండి, యూపీఎస్ బ్యాటరీలు ముఖ్యం" అని రాసింది ఎవరు? కొనుగోళ్ల కమిటీలో అప్పుడు ఎవరుండారు?

శెనక్కాయ_రూట్, రాత్రి 11:00
ఓహో

టవర్‌క్లాక్, రాత్రి 11:34
నేనే గీసినా. బ్యాటరీలు ఉబ్బిపోయి ఉన్నాయప్పా ఆ ఎండాకాలం, కరెంటు పోతే 2 నిమిషాలు నిలబడేది కాదు, అవి ముందు అనుకున్నా. ఎండీఎస్ అంటే ఏందో నాకు అప్పుడు తెలీదు, ఆ రాత్రి తెలిసింది. మీ నాయన సంగతి నిజంగా తెలీదు, అది నేను రాసుండకూడదు.

కానీ నువ్వు? అప్పుడు వేరే మిషన్ కావాలని నువ్వే అడిగి, ఇప్పుడు ఈ పిల్లోనికి అక్కర్లేదని ఎట్లా చెప్తాండావు?

ఏడురోడ్లు, రాత్రి 11:52
ఎట్లా అంటే, అడిగి చూసినా కాబట్టి. మన పక్క డిస్కు లేని డబ్బాకు ఎవడూ సంతకం పెట్టడు సార్. ర్యామ్ అయితే రిపేరు పద్దులో పోతాది, ఎస్ఎస్డీ అయితే డిస్కు కింద లెక్క, సంతకం సులభం. రాని మిషన్ కోసం ఇండెంట్ పెట్టి ఆర్నెల్లు కూర్చుంటే ఆలోపల ఆ సారు ఎట్లాగూ సెఫ్ఎఫ్ఎస్ లేపమంటాడు, అప్పుడు ర్యామ్ కూడా లేకుండా లేపల్ల. నాకు అదే జరిగింది.

టవర్‌క్లాక్, రాత్రి 11:58
అట్లని ఎవరూ గట్టిగా అడక్కపోతే నా మాదిరి గీత కొట్టేవాళ్లకు ఎప్పటికీ తెలీదు. కుదరదు అని నువ్వు రాతపూర్వకంగా ఇచ్చింటే నేను ఆలోచించేవాణ్ని.

ఏడురోడ్లు, రాత్రి 12:03
ఇచ్చినా సార్. రెండు పేజీలు. ఫైల్లో ఉంటాది, చూడండి.

శెనక్కాయ_రూట్, ఉదయం 7:10
ఇంత చదివినా, ఒకటి ఎవరూ అడగలేదు. హంద్రీ, ఆ ఫోల్డర్‌ను మౌంట్ చేసుకునే మిషన్లు ఎన్ని మీకు?

హంద్రీగట్టు, ఉదయం 9:32
5 అన్నా.

కారందోసె, ఉదయం 9:33
😂😂 ఉన్న నోడ్ల మీదనే పెట్టుకోప్పా, 5 మిషన్లకు ఇంత పంచాయితీనా

టవర్‌క్లాక్, ఉదయం 9:50
నవ్వొద్దు. ఆ 5లో ఒకటి చాలు. రాత్రిపూట ఎవరన్నా 3 కోట్ల ఫైళ్ల మీద ఆర్‌సింక్ (ఫైళ్లన్నీ చూసి మారినవి కాపీ చేసే ప్రోగ్రాం) పెడతాండారా?

హంద్రీగట్టు, ఉదయం 9:54
పెడతామన్నా, రోజూ 11కి. బ్యాకప్ కదా.

ఏడురోడ్లు, ఉదయం 9:55
ఆ ఆర్‌సింక్ ఏ మిషన్ నుంచి, ఎన్ని ఒకేసారి? అది చెప్పు ముందు. సార్, మీరు కూడా ఉండండి, పోవద్దు.