ఎంజీ టీడీ సంపు బోల్టులు: అసలు మరనే నిలపాలా, బజారులో దొరికే మరకు మార్చాలా?

కోవెంట్రీవాసి:
నా దగ్గర 1952 నాటి ఎంజీ టీడీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఉంది. 1250 సీసీ ఎక్స్‌పీఏజీ ఇంజనుకు ఆయిల్ సంపును (ఇంజను అడుగున నూనె నిలిచే తొట్టిని) పట్టి ఉంచే బోల్టులను విప్పుతుండగా రెండు బోల్టులు పానా అవసరం లేకుండా చేతితోనే ఊడి వచ్చాయి. బ్లాకులో వాటి రంధ్రాల మరలు పొడిపొడిగా రాలిపోయాయి. ఇంతకుముందు ఒక షెడ్డులో వేసిన ఆ రెండూ 5/16 అంగుళం యూఎన్ఎఫ్ (అంగుళాల కొలతలో సన్నని మర గల యూనిఫైడ్ రకం) బోల్టులని చెబుతున్నారు. రంధ్రాలన్నిటినీ ఒకేసారి ఇప్పటి ఎం8, అంటే 8 మి.మీ. వ్యాసం, 1.25 మి.మీ. పిచ్ (ఒక మర చుట్టుకూ పక్క చుట్టుకూ మధ్య దూరం) గల మరకు మార్చేస్తే ఇకపై బోల్టుల వెతుకులాట ఉండదని ఒక మిత్రుడి సలహా. బ్లాకుపై చేయి చేసుకునే ముందు మీ అభిప్రాయాలు తెలుసుకోవాలనుకుంటున్నాను.

పాతమర:
ఆ సలహాను దయచేసి పాటించకండి. ఈ ఇంజనులో ఉన్నది 8 మి.మీ. వ్యాసం, 1.0 మి.మీ. పిచ్ గల మర. ఇంగ్లండు కారులో మెట్రిక్ మర ఉండటానికి కారణం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో కోవెంట్రీకి వచ్చిన హాచ్‌కిస్ అనే ఫ్రెంచి ఆయుధాల సంస్థ యుద్ధం తరువాత మోరిస్ కార్లకు ఇంజన్లు చేసింది. 1923లో విలియం మోరిస్ ఆ కర్మాగారాన్నే కొనుగోలు చేసినా అక్కడి మెట్రిక్ మరల పద్ధతి మారలేదు. అయితే కారు యజమానుల దగ్గర ఉండేవి విట్‌వర్త్ అనే పాత బ్రిటిష్ అంగుళాల కొలతల పానాలే కనుక బోల్టు తలలను మాత్రం ఆ కొలతలకే చేశారు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. టీడీ ఛాసిస్‌లోని 5/16 అంగుళం బీఎస్ఎఫ్ (సన్నని మర గల పాత బ్రిటిష్ రకం) బోల్టుకూ, ఇంజనులోని 8 మి.మీ. బోల్టుకూ తల వెడల్పు ఒకటే, 0.525 అంగుళం. పానా సరిపోయిందని బోల్టు సరైనదనుకుంటే మోసపోతాము.

వ్యాసం కొలిచినా పెద్దగా ప్రయోజనం లేదు, ఎందుకంటే 5/16 అంగుళం అంటే 7.94 మి.మీ.; అరిగిన పాత బోల్టు మీద ఆ తేడా వెర్నియర్‌కు కూడా తేలదు. పది మరల పొడవును కొలవండి. 10 మి.మీ. వస్తే అది అసలుది, 10.6 దగ్గర ఉంటే యూఎన్ఎఫ్, 11.5 దాటితే బీఎస్ఎఫ్, 12.5 ఉంటే నేటి మామూలు ఎం8. యూఎన్ఎఫ్ బోల్టు ఈ రంధ్రంలో మొదటి మూడు నాలుగు చుట్లు హాయిగా దిగుతుంది. ఆ తరువాత బిగుసుకుంటుంటే, గట్టిగా పట్టిందని బిగించేవాడు సంతోషిస్తాడు. నిజానికి అక్కడ పోత ఇనుము మర నలుగుతూ ఉంటుంది.

ఆటోనగర్ లేత్:
పాతమర గారు చెప్పిన కొలతలతో నాకు పేచీ లేదు, తీర్మానంతోనే ఉంది. విజయవాడ ఆటోనగర్‌లో అంబాసిడర్లకు పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను: నడిరోడ్డు మీద దొరకని బోల్టు ఎంత అసలుదైనా పనికిరాదు. బ్రిటిష్ కార్ల పరిశ్రమ కూడా తన మరలను ఎల్లకాలం పట్టుకుని కూర్చోలేదు కదా. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా, బ్రిటన్ విడిభాగాలు ఒకదానికొకటి కలవక పడిన అవస్థల తరువాత యూనిఫైడ్ మరను ఒప్పుకుని, తమ విట్‌వర్త్ మర అంచుల 55 డిగ్రీల కోణాన్ని వదిలి 60 డిగ్రీలకు మారారు. వారే మారినప్పుడు సంపు బోల్టు మారితే కారు పరువు ఏమీ పోదు. పైగా సంపు బోల్టుపై పడే బరువు స్వల్పం. అసలు మరే కావాలని పట్టుబడితే, బజారు బోల్టు కోసం తిరగకుండా మంచి కడ్డీతో లేత్ మీద ఒక జత చేయించుకోవడం మేలు.

పాతమర:
పరువు సంగతి నేను ఎత్తలేదు. రంధ్రం చెడినప్పుడు ఎలాగూ దానిని పెద్దది చేసి హెలికాయిల్ (రంధ్రంలో కొత్త మరగా పనిచేసే తీగ చుట్ట) వేయాలి. ఆ హెలికాయిల్ 1.0 పిచ్‌లోనూ దొరుకుతుంది, శ్రమ రెండింటికీ ఒకటే. చెడినవి రెండే అయినప్పుడు, బాగున్న మిగతా రంధ్రాలను దేనికి తవ్వాలి? రెండింటినే మార్చితే ఒకే సంపుకు రెండు రకాల మరలు ఉంటాయి, రేపు ఆ కారు ఎవరి చేతికి వెళితే వారు మళ్ళీ ఇదే ప్రశ్న అడుగుతారు. నేటి ఎం8 తల 13 మి.మీ., పాత తల 13.3 మి.మీ. పైచిలుకు, పాత పానా కొత్త తల మీద జారి మూలలు అరగడం నేను చూశాను.

బర్మింగ్‌హామ్ గృహిణి:
స్టీరింగు, సస్పెన్షన్ బోల్టుల విషయంలో ఇంత తేలికగా మాట్లాడుకోకూడదు కనుక ఒక మాట చేరుస్తున్నాను. అక్కడ మర సరిపోతే చాలదు, తల మీద గుర్తు కూడా చూడాలి. పాత బ్రిటిష్ బోల్టుల మీద ఆర్ అంటే చదరపు అంగుళానికి 45 టన్నులు, ఎస్ అంటే 50 టన్నుల బలం. మెరుస్తున్నాయని స్టెయిన్‌లెస్ వేసేవారు ఉన్నారు. ఏ2-70 అనే స్టెయిన్‌లెస్ రకం తెగే బలంలో ఆర్‌కు సమీపంలోనే ఉన్నా, సాగడం మాత్రం 8.8 గుర్తు గల ఉక్కు బోల్టు కంటే చాలా ముందే మొదలవుతుంది. ఏ గుర్తూ లేని కడ్డీతో లేత్ మీద కోయించినది కూడా సంపుకు సరే గానీ, చక్రాన్ని పట్టే చోట నేను ఒప్పుకోను.

ఆటోనగర్ లేత్:
ఆ చివరి మాట నేనూ ఒప్పుకుంటాను. కోసిన మర కంటే ఒత్తి చేసిన మర గట్టిదని లేత్ మనిషిగా నాకు తెలియనిది కాదు. సంపు విషయంలో మాత్రం నా మాట నాదే.

కోవెంట్రీవాసి:
నిన్న అన్ని బోల్టులనూ వరుసగా పెట్టి పది మరల చొప్పున కొలిచాను. చెడిన రెండూ చెప్పినట్టే యూఎన్ఎఫ్. బాగానే ఉందనుకున్న మరొకటి 11.5 వచ్చింది, అంటే ఎవరో ఛాసిస్ బోల్టును తెచ్చి ఇంజనుకు బిగించారన్నమాట, ఆ రంధ్రం కూడా సగం పోయింది. మూడింటికీ 1.0 పిచ్ హెలికాయిల్ వేయిస్తున్నాను. పాత తల కొలత గల బోల్టులు దొరికే వరకు లేత్ మీద మూడు చేయించమని ఆటోనగర్ గారి మాట కూడా విన్నాను.