కోవిడ్ తగ్గాక థైరాయిడ్ టెస్టులో టీఎస్‌హెచ్ 0.03: కార్బిమజోల్ (థైరాయిడ్ హార్మోన్ తయారీని తగ్గించే మందు) మొదలుపెట్టాలా?

ప్రశ్న (జనరల్ ప్రాక్టీస్):
38 ఏళ్ల ఆవిడ, కోవిడ్ తగ్గి మూడు వారాలు. ఇంట్లోనే కోలుకున్నారు, స్టెరాయిడ్లు వాడలేదు. ఇప్పుడు మెడ ముందువైపు నొప్పి, చెవి దాకా లాగుతోంది, మింగితే ఇంకా ఎక్కువ. సాయంత్రాలు జ్వరం, దడ, నాడి 112. టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని పనిచేయించే హార్మోన్) 0.03కి పడిపోయింది, ఫ్రీ టీ4 (థైరాయిడ్ హార్మోన్) 2.6 (ల్యాబ్ పరిమితి 0.9–1.7), ఈఎస్‌ఆర్ (ఒంట్లో వాపును సూచించే రక్తపరీక్ష) 78. కళ్లు మామూలుగానే ఉన్నాయి. వేరే చోట కార్బిమజోల్ 10 మి.గ్రా. మూడు పూటలా రాశారు. వేయించమంటారా?

జవాబు 1 (ఎండోక్రైనాలజీ):
వద్దు డాక్టర్ గారు. నొప్పి, జ్వరం, అంత ఈఎస్‌ఆర్ కలిస్తే ముందు అనుమానించాల్సింది సబ్‌అక్యూట్ థైరాయిడైటిస్ (థైరాయిడ్ గ్రంథికి వచ్చే నొప్పితో కూడిన వాపు). కోవిడ్ తర్వాత ఇది రావడాన్ని 2020లోనే ఇటలీలోని పీసా వైద్యులు 18 ఏళ్ల అమ్మాయిలో గుర్తించి రాశారు. ఇక్కడ గ్రంథి హార్మోన్‌ను అతిగా తయారుచేయడం లేదు. వాపుకి ఫాలికిల్స్ (హార్మోన్ నిల్వ ఉండే చిన్న సంచులు) దెబ్బతిని, నిల్వ ఉన్నది రక్తంలోకి కారుతోంది. కార్బిమజోల్ తయారీని ఆపుతుంది గానీ కారేదాన్ని ఆపలేదు. లాభం ఉండదు, తెల్లకణాలు పడిపోయే ప్రమాదం మాత్రం మిగులుతుంది.

టెక్నీషియం స్కాన్‌లో అప్‌టేక్ (ఇచ్చిన రేడియోధార్మిక పదార్థాన్ని గ్రంథి పీల్చుకోవడం) బాగా తక్కువుంటే నిర్ధారణే. గర్భం లేదని ముందు చూసుకోండి. ఈమధ్య కాంట్రాస్ట్ సీటీ చేసి ఉంటే అందులోని అయోడిన్ వల్ల కొన్ని వారాలు అప్‌టేక్ ఎలాగూ తగ్గుతుంది, అప్పుడు స్కాన్‌ని నమ్మలేం, టీఆర్‌ఏబీ (గ్రంథిని అతిగా పనిచేయించే యాంటీబాడీల టెస్ట్) చేయించండి. కాంట్రాస్ట్ లేని ఛాతీ హెచ్‌ఆర్‌సీటీతో ఈ ఇబ్బంది లేదు.

మందులు: కడుపులో పుండు, కిడ్నీ జబ్బు లేకపోతే ఐబుప్రొఫెన్ 400 మి.గ్రా. అన్నం తిన్నాక మూడు పూటలా. రెండు మూడు రోజుల్లో తగ్గకపోతే ప్రెడ్నిసొలోన్ 20 మి.గ్రా.తో మొదలుపెట్టొచ్చు. స్టెరాయిడ్‌తో నొప్పి సాధారణంగా ఒకటి రెండు రోజుల్లోనే దిగుతుంది. అలా దిగలేదంటే నిర్ధారణే మళ్లీ చూసుకోవాలి. తగ్గిందని వెంటనే ఆపేస్తే నొప్పి తిరగబెడుతుంది, వారాల మీద మెల్లగా దించండి, షుగర్ చూస్తూ ఉండండి. దడకి ప్రొప్రనొలాల్ 20 మి.గ్రా. రెండు మూడు పూటలా. ఆస్తమా ఉంటే ఇవ్వకూడదు.

జవాబు 2 (ల్యాబ్):
ఒక్క మాట అడగండి: మల్టీవిటమిన్‌తో బయోటిన్ ఎక్కువ మోతాదులో వాడుతున్నారా? కొన్ని మెషిన్లలో అది టీఎస్‌హెచ్‌ని తక్కువగా, ఫ్రీ టీ4ని ఎక్కువగా చూపిస్తుంది. రెండు మూడు రోజులు ఆపి మళ్లీ తీయాలి. ఈ కేసులో ఈఎస్‌ఆర్, నొప్పి ఉన్నాయి కాబట్టి ఫలితం నిజమే కావచ్చు. ఆస్పత్రిలో చేరినవాళ్ల సంగతి వేరు: డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ టీఎస్‌హెచ్‌ని అణచేస్తుంది, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఫ్రీ టీ4ని పెంచి చూపిస్తుంది, జబ్బు తీవ్రతకే టీ3 (మరో థైరాయిడ్ హార్మోన్) పడిపోతుంది. గట్టి లక్షణాలు లేకపోతే అక్కడ థైరాయిడ్ టెస్ట్ పంపకపోవడమే మేలు.

ప్రశ్న వేసినవారు:
స్కాన్‌కి పంపుతున్నాను. మళ్లీ టెస్ట్ ఎప్పుడు?

జవాబు 1:
నాలుగు నుంచి ఆరు వారాలకి, ఫ్రీ టీ4 కూడా కలిపి. టీఎస్‌హెచ్ ఆలస్యంగా కోలుకుంటుంది, అదొక్కటే చూస్తే పొరబడతాం. తర్వాత కొన్నాళ్లు హైపో దశ (థైరాయిడ్ హార్మోన్ తక్కువయ్యే దశ) రావచ్చు. టీఎస్‌హెచ్ 10 దాటినా, లక్షణాలున్నా థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్ మాత్ర) ఇచ్చి, కొన్ని నెలలకి తగ్గించి చూడండి. జీవితాంతం మాత్ర అని మొదట్లోనే చెప్పేయకండి, ఎక్కువమందికి గ్రంథి తేరుకుంటుంది. కార్బిమజోల్ ఇప్పటికే మింగి ఉంటే, ఆపాక కూడా కొద్ది రోజులు గమనించండి. గొంతునొప్పితో జ్వరం వస్తే మళ్లీ కోవిడేనని వదిలేయకుండా అదే రోజు సీబీసీ (రక్తకణాల లెక్క) తీయించి న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు చూడాలి.