ప్రపంచంలో అతి పెద్ద సమస్య ఏదంటే మా ఉప్పాడే గుర్తొస్తోంది

ప్రశ్న:
డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నాను. ‘నేటి ప్రపంచ సమస్యలు’ మీద కాలేజీలో మాట్లాడాలి. ఫ్రెండ్స్ అంతా యుద్ధాలు, నిరుద్యోగం అంటున్నారు. మాది ఉప్పాడ. తుఫాను వస్తే చాలు, కాకినాడ బీచ్ రోడ్డు కోతకు గురవుతుంది. అలల్ని ఆపడానికి వేసిన జియోట్యూబ్ (ఇసుక నింపిన పెద్ద గొట్టాల్లాంటి సంచులు) గోడ కూడా దెబ్బతింది. అమ్మమ్మ కాపురానికొచ్చిన ఇల్లు ఇప్పుడు సముద్రంలో ఉంది. వాతావరణ మార్పే అన్నిటికన్నా పెద్ద సమస్య అని చెప్పొచ్చా?

జవాబు 1:
గట్టిగా చెప్పమ్మా. 1900 నుంచి ప్రపంచ సముద్రమట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. కానీ మీ ఊరి కోతకు అదొక్కటే కారణం కాదు. గోదావరి మీద కట్టిన ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోయి, తీరానికి చేరే ఇసుక తగ్గింది. ఇది కూడా చెప్పాలి, లేకపోతే తప్పంతా సముద్రం మీదకే పోతుంది.

జవాబు 2:
మాదీ తీరమే చెల్లీ. ఇల్లొక్కటే కాదు, పడవ లాగి పెట్టుకునే ఒడ్డు, వల ఆరేసుకునే చోటు కూడా పోతున్నాయి. ఉద్యోగాల సమస్య అంటే మాకిదే.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అన్నా, థాంక్స్ అండీ. ఒండ్రు సంగతి నాకు కొత్త. మా నాన్న చేపల వేట మానేసి కూలికెళ్తున్న విషయం కూడా చెబుతాను.